వంటింటి గట్టిమేళం

ఆ పొద్దున్న గొడవ కొబ్బరి పచ్చడి దగ్గర మొదలైంది.

దుర్గాభవాని మిక్సీ వేసీ వెయ్యగానే, వసారాలో ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్న ఆమె భర్త ఉమాశంకర్ వచ్చి మీట ఆపేశాడు.

"ఒక్క నిమిషం ఆగవే! కొండ మీద రికార్డు చేసిన పిట్ట గొంతు ఇంటన్నాను."

"పిట్ట గొంతు ఇంటే కడుపు నిండుతాదా?"

"కాసేపు ఆగితే పచ్చడి పారిపోతాదేటి?"

"పారిపోయినోళ్ళు ఇంట్లో ఒకరున్నారు, సాలదా!" అంటూ ఆమె మళ్ళీ మీట నొక్కింది.

పారిపోయేది కొండకే. ఒకప్పుడు నరసన్నపేట చుట్టుపక్కల పెళ్ళంటే ఉమాశంకర్ సన్నాయి మోగాల్సిందే. సాధనకని పాతపట్నం అవతలి కొండ అడవికి వెళ్ళేవాడు. తను ఒక స్వరం పట్టుకుంటే చెట్ల మీది పిట్టలు అందుకునేవని మురిసిపోయేవాడు. ఆ కొండకి రాతి క్వారీ వస్తోందని తెలిసిన నాడు సన్నాయి గూటికెక్కింది, మనిషి మీటింగులకెక్కాడు. ఎలుగులు తిరిగే దారులు, ఎండాకాలమూ నీళ్ళు ఆరని గెడ్డలు, పొద్దస్తమానం ఇవే మాటలు. అవి మొదలవగానే ఆమె మిక్సీ వేసేది. ముహూర్తాలు చేజారుతున్నాయి. డోలు వాయించే ఆమె అన్న జగన్నాధం వేరే సన్నాయిని చూసుకుంటానని బెదిరిస్తున్నాడు.

బేరాల ఫోను ఎప్పుడూ ఆమె దగ్గరే. విసిగిపోయి ఈసారి భర్తను అడక్కుండానే ఒక మేళం ఒప్పేసుకుంది.

మధ్యాహ్నం జగన్నాధం భోజనానికి వచ్చాడు. పులుసు వడ్డిస్తూ ఆ మాట బయటపెట్టింది. "శుక్రవారం భూమిపూజ ఒప్పీసుకున్నాను. ఇద్దరూ ఎల్లాలి."

"ఏ ఊరు?" అన్నాడు ఉమాశంకర్.

"పాతపట్నం అవతల, కొండ కింద."

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. "శుక్రవారం అక్కడే క్వారీ మీద జనం మాట ఇనే సభ. నీకు ఎన్నిసార్లు సెప్పాను!"

"నాకెప్పుడు సెప్పారు?"

"సెప్పినప్పుడల్లా నీ మిక్సీ తిరుగుతాది."

"సభ సభే, పూజ పూజే. అంత కంగారేటి బావా?" అన్నాడు జగన్నాధం. "ఇంతకీ ఆళ్ళేటన్నారు సెల్లీ?"

"మైకులు ఆళ్ళే పెడతారట. సభ అయ్యేదాకా ఆపకుండా గట్టిమేళమే వాయించమన్నారు..."

ఆ మాట అంటూండగానే ఆమె గొంతు నెమ్మదించింది. తాళి కట్టే క్షణాన ఎవరు తుమ్మినా, కంట తడిపెట్టి వెక్కినా, పాడుమాట అన్నా వినపడకూడదని వాయించేది గట్టిమేళం. భూమిపూజలో తాళి ఎవరు కడతారు? పుట్టినప్పటి నుంచీ డోలు పక్కన పెరిగిన దానికి ఫోనులో ఆ సంగతి తట్టనే లేదు. పిలిచింది క్వారీవాళ్ళేనని ఇప్పుడు అర్థమైంది.

"కొండోళ్ళ ఆడోళ్ళు నోరిప్పుతారు బావా," అన్నాడు ఉమాశంకర్. "ఆళ్ళ మాట ఇనపడకుండా నా సన్నాయి కప్పమంటావా?"

"ఒప్పుకున్న మేళం ఎగ్గొడితే రేపు మనల్ని ఎవుడు పిలుస్తాడు? అడివి అన్నం పెడతాదా? నువ్వు రాకపోతే నేనింకొకణ్ణి ఎట్టుకుంటాను. మళ్ళీ నీ పక్కన డోలు పట్టను, సూడు!"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. గరిటె గిన్నెలో పెట్టి దుర్గాభవాని కొంగున చెయ్యి తుడుచుకుంది. ఫోను తీసి, ఇద్దరి ముందే నంబరు నొక్కింది.

"శుక్రవారం మా మేళం రాదండి. ...కాదండి, ఇంకో రోజు కూడా రాదు."

జగన్నాధం నోరు తెరిచాడు.

"అన్నియ్యా, నా నోటితో ఒప్పుకున్నాను, నా నోటితోనే ఒద్దన్నాను. నీ డోలు నీది, ఎవరి పక్కనైనా వాయించుకో. ఆ కొండ కింద మాత్రం వాయించకు." భర్త వైపు తిరిగింది. "శుక్రవారం సభకి నేనూ వస్తాను. ఆ మర్నాటి నుంచి ఏ పెళ్ళి ఒప్పుకున్నా మీరు సన్నాయి దింపాలి. ఊరందరికీ ఓపిగ్గా సెప్తారు, నాకు సెప్పడానికి మిక్సీ ఆగీదాకా ఉండలేకపోయారు!"

ఉమాశంకర్ తలొంచుకున్నాడు. "దింపుతాను," అన్నాడు.

జగన్నాధం ఏదో గొణిగాడు, కానీ లేవలేదు. కంచం ముందుకు జరిపాడు. "పులుసెయ్యే," అన్నాడు.

వేసింది. ఆ తర్వాత వెళ్ళి, గరగరలాడే ఫ్యాను కట్టేసింది.

"ఏదీ," అంది కళ్ళొత్తుకుంటూ, "పొద్దున్న పిట్ట ఏటన్నాదో ఇనిపించండి."