ఎక్కమ్మా

మాణిక్యమ్మ చార్మినార్ పక్కనే, హుస్సేనీ ఆలం గల్లీలోనే ముసలిదైంది. రోజూ కింద నిలబడి మెడ రిక్కించి చూసే చార్మినార్‌ను ఒక్కసారైనా ఎత్తు నుంచి, అరచేతిలో పట్టేంత చిన్నగా చూడాలని ఆమె కోరిక. కళ్లకు పొర కమ్ముతోంది. ఇంకో ఏడాదికి చూపు ఉంటుందో ఉండదో. అందుకే పందొమ్మిది వందల డెబ్బై నాలుగు చలికాలంలో ఒక ఆదివారం కొడుకు భిక్షపతి ఆమెను ఊరవతలి పులిగుండు గుట్టకు తీసుకొచ్చాడు.

"అమ్మను ఎత్తుకోని ఎక్కుతవా అన్నా? మస్తు కష్టం," అన్నాడు గుట్ట కింద చాయ్ కొట్టు ఖాజా.

"ఫికర్ లేదు భాయ్." భిక్షపతి గొప్పగా వంగాడు. "ఎక్కమ్మా."

భర్త పోయినప్పటి నుంచి బోసిగా ఉన్న ఆమె చేతులు అతని మెడను చుట్టుకున్నాయి. దారంతా నిట్టనిలువు బండలు, కాలు పెడితే జారే రాళ్లు. అమ్మ ఊపిరి చెవి వెనక వెచ్చగా తగులుతోంది. సగం ఎక్కాడో లేదో, కింది నుంచి అతని బస్సు డిపో దోస్తులు వచ్చి కలిశారు.

"ఏందిరా, హమాలీ పని ఎప్పటిసంది?" రామ్‌చందర్ పకపకా నవ్వాడు.

భిక్షపతి ముఖం కందగడ్డయింది. అమ్మను ఒక పెద్ద గుండు పక్కన దించేశాడు. "ఊకెనే గాలికి వచ్చింది. ఈడనే కూసుంటది," అన్నాడు.

అమ్మ టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకుని కొంగు సర్దుకుంది. "పో బిడ్డా. చూసి రా."

పైన గాలి హోరుమంటోంది. దూరాన పొగలో చార్మినార్, నిజంగానే అరచేతిలో పట్టేంత. దోస్తులు ఈలలు వేశారు. భిక్షపతికి అటు చూడబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. వాళ్లు అవతలి దారిన దిగిపోయాక ఒక్కడే వెనక్కి బయల్దేరాడు. అప్పటికే పొద్దు గూట్లో పడింది.

గుండు దగ్గర మసక చీకటి. తడి మట్టి వాసన... వాన పడి రెండు నెలలైంది. నీడలో ఒక ఆకారం ముడుచుకుని కూర్చుంది. అమ్మ ముఖంలోకి చూడటానికి అతనికి ముఖం చెల్లలేదు. వెనక్కి తిరిగి, నేల చూస్తూ వంగాడు.

"ఎక్కమ్మా."

చేతులు మెడ చుట్టూ పడ్డాయి. చల్లగా. చలిలో వదిలేసి పోతిని కదా, అనుకున్నాడు. దిగుతుంటే ఏదో గలగలమంటోంది. అమ్మ సంచిలో టిఫిన్ గిన్నె కాబోలు.

"తప్పయింది అమ్మా," గుసగుసగా అన్నాడు. "వచ్చే ఆదివారం చూపిస్త. ఒట్టు."

చేతులు బిగిశాయి. అడుగడుగుకూ బరువు పెరుగుతోంది... చెవి వెనక ఊపిరి తగలడం లేదు...

కింద చాయ్ కొట్టులో దీపం. ఆ వెలుగులో, బల్ల మీద, మాణిక్యమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ సంచి.

"వచ్చినవా బిడ్డా? చీకటైతున్నదని ఖాజా వచ్చి నన్ను దించుకొచ్చిండు." కళ్లు చికిలించి అతని వీపు వైపు చూసింది. "ఎవలినో ఎత్తుకొచ్చినవే. పాపం, నడవలేకపోయిందా? మంచి పని చేసినవ్. దించు."

ఖాజా చేతిలో గ్లాసు జారిపడింది.

భిక్షపతి వంగాడు. మోకాళ్లు నేలకు ఆనాయి. ఎవరూ దిగలేదు.

గొంతు కింద గాజులు గలగలమన్నాయి. చెవిలో, అచ్చం అమ్మ గొంతు...

"వచ్చే ఆదివారమన్నవ్ గద బిడ్డా. గప్పటిదాంక దిగను."