నెవాడా వేడి నీళ్లు, నువ్వుల నూనె

వేగస్‌లో కారెక్కేటప్పుడే ఫ్రంట్ సీట్ పోయింది. హంసిక పక్కన ఆమె ఫ్రెండ్ అనీష్ సెటిలయ్యాడు. నీరజ్‌కి దక్కింది వెనక సీటు, పులిహోర డబ్బాతో సహా.

"వేడి నీటి బుగ్గ దగ్గర సిగ్నల్ ఉండదు. దారి అనీష్‌కే తెలుసు," అంది హంసిక స్టీరింగ్ తిప్పుతూ.

ఏం తెలుసో ఏమో, నెవాడా ఎడారి పొడవునా ఇద్దరూ ఒకటే నవ్వులు. వెనకాల నీరజ్ కుతకుత ఉడికిపోయాడు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తనూ ఆమే ఒకే ఆఫీస్. వచ్చే నెల ఆమె జెర్సీ సిటీకి మారిపోతోంది. మనసులో మాట ఈ ట్రిప్‌లో చెప్పకపోతే ఇక చెప్పినట్టే.

మట్టిరోడ్డు చివర, రాళ్ల మధ్య వేడి నీటి బుగ్గ పొగలు కక్కుతోంది. చుట్టుపక్కల నరమానవుడు లేడు. అనీష్ థర్మామీటర్ ముంచి చూసి, "పర్ఫెక్ట్, దిగొచ్చు," అన్నాడు. హంసిక వాడికేసి మెచ్చుకోలుగా చూసింది. ఆ థర్మామీటర్‌ని విరిచి పారేయాలనిపించింది నీరజ్‌కి.

ముగ్గురూ దిగారు. నీరజ్ హీరోలా ఒక్క మునక వేసి లేచాడు. నీళ్ల మీద జిడ్డు తెట్టులా తేలింది.

"ఏంటిది?" అన్నాడు అనీష్ మొహం చిట్లించి.

"నువ్వుల నూనె. వేడి నీళ్ల స్నానమంటే తలకి బాగా పట్టించుకోమంది మా అమ్మ. పొద్దున హోటల్లో రాసుకున్నా."

"బ్రో, ఇక్కడ సన్‌స్క్రీన్ కూడా రాసుకోకూడదు. వచ్చేవాళ్లందరికీ ఇవే నీళ్లు. ప్లీజ్, బయటికి రా."

నీరజ్ తువ్వాలు కప్పుకుని బండ మీద కూలబడ్డాడు. చలికాలపు ఎడారి గాలికి పళ్లు టకటకలాడుతున్నా కడుపులో మాత్రం మంటే. వాళ్లిద్దరూ మెడదాకా వెచ్చటి నీళ్లలో, తనేమో జిడ్డు తలతో చెప్పులకు కాపలా.

కాసేపటికి హంసిక బయటికొచ్చి, వణుకుతూ పక్కన కూర్చుంది.

"పో, నీ గైడ్ దగ్గరికే పో."

"కుళ్లా?"

"కుళ్లే. దాచేదేముంది? నువ్వంటే ఇష్టం నాకు. వాడు ముందు సీట్లో కూర్చుంటేనే సగం చచ్చాను. వాడితో రావాలనుకుంటే నన్నెందుకు పిలిచావ్?"

"మనిద్దరమే ఎడారికి వెళ్తామంటే మా అమ్మ ఒప్పుకుంటుందా? మూడో మనిషి ఉండాల్సిందే అంది. వీణ్ని బతిమాలి తెచ్చుకున్నా. ఇదంతా నీతో రావడానికే, మొద్దూ."

ఆమె పెదాలు చలికి నీలంగా మారడం నీరజ్‌కి కనిపించింది.

"మళ్లీ దిగు," అన్నాడు. "ఇంత దూరం వచ్చింది దానికే కదా."

హంసిక రెండు అరచేతులతో అతని తల గట్టిగా రుద్ది, ఆ నూనె తన జుట్టుకు పట్టించుకుంది.

"ఇక వాడు నన్నూ నీళ్లలోకి రానివ్వడు," అంది.