గ్రహణవేళ రుహణీదేవి గోడ

మిట్టమధ్యాహ్నం... సూర్యబింబాన్ని రాహువు కబళిస్తున్న ఘోరమైన వేళ!

రుహణీ కొండకొమ్మున ఆకాశం కాటుక పులుముకుంది. దేవదారు తొర్రల్లో నిద్రపోవాల్సిన గుడ్లగూబలు పగటినే నిశీథమనుకుని రెక్కలు విదిల్చి లేచాయి. హూఁ... హూఁ... అంటూ వాటి కూత లోయంతా ప్రతిధ్వనించింది. ఒక వరుస దూలాలు, ఒక వరుస రాళ్లు... ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ పురాతన దేవాలయం, నల్లపలకల కప్పు కింద కళ్లు మూసుకున్న మహాకాయంలా నిలబడి ఉంది. చూరుకు వేలాడే కొయ్యగంటలు గాలి లేకుండానే టకటకా కొట్టుకున్నాయి!

ఆ చప్పుడుకు కౌలా గుండె జల్లుమంది. భుజం మీద వాలిన ఆడపడుచు సుర్మీని ఇంకాస్త గట్టిగా పొదివి పట్టుకుని ప్రాంగణంలో అడుగు పెట్టింది.

మొన్న మొన్నటి జాతరలో అందరికంటే ముందు నిలబడి ఆడిన పిల్ల సుర్మీ. ఇప్పుడు చర్మం కప్పిన ఎముకల గూడు! అన్నం పెడితే ఉమ్మేస్తోంది. పచ్చి మాంసం కావాలంటోంది. మాట్లాడితే మగగొంతు! కౌలా మొగుడు ఖేమూ గొర్రెలమందతో మంచుకొండల అవతల ఉన్నాడు. కబురు చేరే దారి లేదు. అందుకే అయిదోనెల కడుపుతో ఉన్న కౌలా, ఆడబిడ్డ మణికట్టును తన మణికట్టుకు ఉన్నిశాలువాతో కట్టేసుకుని ఒంటరిగా కొండెక్కింది.

ఆలయం తలుపు మూసి ఉంది. వృద్ధ పూజారి తోతారామ్ అడ్డగడియకు వీపు ఆన్చి గడప మీద కూర్చున్నాడు.

"బాబా! తలుపు తియ్యండి! పిల్ల చచ్చిపోతోంది!"

"గ్రహణం పట్టిందమ్మా! విడిచేదాకా అమ్మవారి ముఖం ఎవరికీ చూపించకూడదు. తాతలనాటి కట్టడి."

"మరి మా ఇంటికి పట్టిన గ్రహణం మాటేమిటి బాబా? ఎవరి దగ్గరికి పోయి ఏడవను?"

ముసలాయన గడియకు వీపును ఇంకా గట్టిగా ఆన్చాడు.

అంతలో సుర్మీ తలెత్తింది. కళ్లలో నల్లగుడ్డు లేదు... తెల్లటి వెలుగు మాత్రమే!

"మూసిన తలుపుకు మొక్కుతున్నావటే పిచ్చిదానా?... లోపల ఆవిడ నిద్రపోతోంది! ఈ పిల్ల నాది... హహహ్హ!"

పళ్లతో శాలువాను పరపరా చీల్చి, గుడి వెనక్కి పరిగెత్తింది!

"సుర్మీ! ఆగవే!" అంటూ కౌలా వెంటపడింది.

వెనకగోడ దగ్గర... చితాభస్మం పూసుకున్న ఒక ఆకారం! చూడగానే కౌలా గుర్తుపట్టింది.

ఘనూ చేలా! కింది ఊళ్లో తాయెత్తులు కట్టే మాంత్రికుడు. జాతరలో సుర్మీని పెళ్లాడతానని అడిగాడు. "పోవయ్యా! నీ గడ్డం చూస్తే మా మేకపోతు తన అన్న వచ్చాడనుకుంటుంది!" అని ఆ పిల్ల పదిమందిలో అనేసింది. జాతరంతా విరగబడి నవ్వింది. ఘనూ మాత్రం నవ్వలేదు. ఆమె భుజం మీద రాలిన వెంట్రుకలు ఏరుకుని వెళ్లిపోయాడు.

ఆ వెంట్రుకలే ఇప్పుడు అతడి చేతిలోని కపాలానికి చుట్టి ఉన్నాయి! రెండు దూలాల మధ్య రాయొకటి ఊడదీసి ఉంది. ఆ బిలంలో కపాలాన్ని నిలిపి, క్షుద్రమంత్రం జపిస్తూ సిందూరం చల్లుతున్నాడు. సుర్మీ నేల మీద పడి గిలగిలా కొట్టుకుంటోంది.

"వచ్చావా కౌలా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఆవిడ కళ్లు మూసిన ఘడియలో ఇది ఆవిడ గోడలోనే చేరితే... ఇక దీన్ని కదిలించే దేవత లేదు. సూర్యుడు బయటపడేసరికి ఈ పిల్ల ప్రాణం నా గుప్పిట్లో ఉంటుంది. నవ్వమను ఇప్పుడు!"

"అన్నా... కాళ్లు పట్టుకుంటాను. చిన్నపిల్ల, నోరు జారింది. వదిలెయ్యి!"

"ముట్టుకుని చూడు! ఇందులో ఉన్నది నీ కడుపులోకి దిగుతుంది. పుట్టబోయేది మనిషో, పిశాచమో... నీ మొగుడికి నువ్వే చెప్పుకో!"

కౌలా చెయ్యి తనంతట తానే కడుపు మీదికి పోయింది. సుర్మీ పెదవులు నీలమయ్యాయి... అత్తగారు పోయిన రాత్రి కొత్తకోడలైన తన జడ పట్టుకుని నిద్రపోయిన పసిపిల్ల అది! కడుపులో ఉన్నదీ బిడ్డే, కన్నుల ముందున్నదీ బిడ్డే!

"దిగితే దిగనీ!" అని అరిచి ఒక్క దూకుతో బిలంలో చెయ్యి పెట్టింది కౌలా.

మంచుకన్నా చల్లగా ఉంది కపాలం! ఆ చలి వేళ్లనుంచి మోచేతికి, మోచేతినుంచి గుండెకు పాకింది. వేయి గొంతుల రోదన చెవుల్లో హోరెత్తింది. అయినా పట్టు విడవలేదు. వెంట్రుకల చుట్టు పుటుక్కున తెగి చేతికొచ్చింది. కపాలం బిలం లోతుల్లోకి దొర్లిపోయింది!

"సర్వనాశనం చేశావే!" ఘనూ గావుకేక పెట్టాడు. కట్టు తెగిన క్షుద్రశక్తి కట్టినవాణ్ణే మింగుతుందని అతడికి తెలుసు. కపాలం కోసం భుజందాకా చెయ్యి బిలంలోకి దూర్చాడు.

అప్పుడు... భూగర్భంలో మేఘం గర్జించినట్టు గుడగుడా శబ్దం!

కొండ కదిలింది! అడ్డగడియ దానంతట అదే విరిగి, ఆలయద్వారం ఫెళ్లున తెరుచుకుంది. లోపలి గంటలన్నీ ఒక్కసారి మోగాయి. సున్నం ముద్ద కూడా లేని ఆ గోడ, ఊపిరి పీల్చినట్టు పైకి లేచింది... దూలాలు విడివడ్డాయి... రాళ్లు ఎగిరాయి... ఘనూ చేతిని బిగించేస్తూ మళ్లీ తమ తమ చోట్లలోకి దిగాయి!

"రుహణీ మాతా! తప్పయిపోయింది! అక్కా... కౌలా... లాగు! నన్ను లాగు!"

కౌలా లాగింది. శత్రువైనా మనిషే కదా! అతడి రెండో చెయ్యి పట్టుకుని శక్తికొద్దీ లాగింది. గోడ విడవలేదు. లోపలినుంచి ఏదో కొరుకుతున్న చప్పుడు... ఒక దీర్ఘమైన ఆర్తనాదం... ఆ తర్వాత నిశ్శబ్దం.

సూర్యుడి అంచు మెరిసింది. ఘనూ గోడకు చెంప ఆన్చి నిలువునా చచ్చి ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు. కళ్లు మాత్రం చూడకూడనిదేదో చూసినట్టు తెరుచుకునే ఉన్నాయి. అతడి భుజం దగ్గర రాతికీ దూలానికీ నడుమ వెంట్రుక కూడా దూరదు!

తోతారామ్ రొప్పుతూ వచ్చి, ఆ దృశ్యం చూసి మోకాళ్ల మీద కూలిపోయాడు. "తలుపు మూసింది నేనమ్మా... అమ్మవారు కాదు" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"వదినా..." నేల మీదనుంచి నీరసమైన గొంతు. ఆడపిల్ల గొంతు! "ముఖం అలా ఉందేంటి? నిన్నెవరు కొట్టారు?... నాకు ఆకలేస్తోంది."

కౌలా ఆమెను ఒడిలోకి లాక్కుంది. కానీ గుండెదాకా పాకిన ఆ చలి ఇంకా పూర్తిగా వదల్లేదు. కడుపు మీద అరచెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి... ఎదురుచూసింది. గుడ్లగూబలు తొర్రల్లోకి మళ్లాయి. ఎండ ఆమె పాదాలను దాటి, మోకాళ్లను దాటి, ఒళ్లోకి ఎక్కింది.

అప్పుడు కదిలింది... లోపలినుంచి చిన్నగా, వెచ్చగా, ఒక తన్ను!