ఒక కన్ను మూసేంత చేదు

ఆ మధ్యాహ్నం ఇరవై రెండో అంతస్తు భోజనశాలలో మూడొందల మంది మూడొందల రకాల కూరలు తిన్నారు. కంచాల్లో ఉన్నది మాత్రం ఒక్కటే, తెల్లముద్ద. వరహాలు గరిటెతో కొలిచి వడ్డిస్తోంది. తినేవాళ్ళు అంగిట్లో అతికించుకున్న బిళ్ళని నాలుకతో నొక్కి, కోరుకున్న రుచిని రప్పించుకుంటున్నారు. ఒకావిడ కొర్రమీను పులుసని వేళ్ళు నాకుతోంది. పక్కనున్నాయన పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందని తన బిళ్ళమీద తనే విసుక్కుంటున్నాడు.

ఆ బిళ్ళ అసలు పేరు రసగ్రాహిణి. ఆ పేరు కాగితాల మీదే ఉండిపోయింది, జనం రుచిబిళ్ళ అన్నారు. గోరంత ఉంటుంది. నాలుకా ముక్కూ మెదడుకి చెప్పే కబుర్లన్నీ వాటి బదులు అదే చెబుతుంది. తన పట్టికలో ఉన్న పదకొండు వేల రుచుల్లో ఏది అడిగితే అది పలికిస్తుంది. అడగనిదీ, పట్టికలో లేనిదీ నోట్లో పోసుకుంటే మాత్రం ఉత్త నీళ్ళే. చేదుని ఆ పట్టికలో చేర్చలేదు. తయారుచేసే ముందు లక్షలమందిని అడిగారట, చేదు కావాలని ఒక్కరూ అనలేదట. ఎవరంటారు చెప్పండి? కాకరకాయని కూడా బెల్లం వేసి వండుకునే జనం మనం.

వరహాలు రుచిబిళ్ళ పెట్టించుకుని ఇరవయ్యారు రోజులైంది. అన్న గౌరునాయుడికి ఆ సంగతి తెలియదు. తెలిస్తే బీరు కాచడం మానేస్తాడు. అది కూడా మానేస్తే ఆ మనిషి ఇంక దేనికోసం మంచం దిగుతాడో ఆమెకి తెలియదు. ఆమె భయమంతా అదే.

గౌరునాయుడు విశాఖ పోర్టులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయాక వరహాలు అన్న దగ్గరికే వచ్చేసింది. అతనికున్న పిచ్చల్లా ఒక్కటే, వంటింట్లో గుండిగ పెట్టి బీరు కాచడం. అదీ మామూలు బీరు కాదు, ఇండియా పేల్ ఏల్. చేదునిచ్చే హాప్స్ పువ్వులు దండిగా దించి, ధనియాలు, ఏలకులు, మిరియాలు, ఎండిన నారింజ తొక్కలు దంచి పోసిన చేదు బీరు. "పేరులో మన దేశముంది గాని, మనోళ్ళెవలికీ దీని ఊసే తెల్దు" అని నవ్వేవాడు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక విషజ్వరం వచ్చి అతని నాలుకనీ ముక్కునీ ఎత్తుకుపోయింది. రుచిబిళ్ళ పెట్టించి చూశారు. బిళ్ళ పలకాలంటే నరం బతికి ఉండాలన్నారు డాక్టర్లు. నాలుగుసార్లు పెట్టి నాలుగుసార్లూ తీసేశారు. ఆ ఏడు కూడా ఊరుకోలేక బీరు కాచి, చేదు చూడమని చెల్లెలి చేతికి గరిటె ఇచ్చాడు. ఆమె పెదవిని ఒక మూలకి లాగి, ఒక కన్ను మూసి, "బాబోయ్" అంది. ఆ మొహం చూస్తూంటే గౌరునాయుడి నోట్లో నీళ్ళూరాయి. చేదు తగిలిందని ఒట్టేసి చెప్పాడు. డాక్టర్లు నవ్వి ఊరుకున్నారు.

అప్పటినుంచీ వాళ్ళ పద్ధతి అదే. ఏడాదికోసారి లంబసింగి కొండమీంచి హాప్స్ పొట్లం వస్తుంది. ఒక్కో ఏటి పంటది ఒక్కో చేదు, కాబట్టి తూకం వేసి లాభం లేదు. పువ్వుల్ని గుడ్డమూటలు కట్టి, మరిగే గుండిగలో ఒక్కోటీ దించుతూ, మధ్యమధ్య చెల్లెలి నోటికి గరిటె అందించేవాడు. ఆమె పెదవి మాత్రమే కదిలితే ఇంకో మూట దించాలి. ఒక కన్ను మూతపడితే సరిపోయినట్టు. రెండు కళ్ళూ మూతపడ్డాయా, ఆ ఏటి బీరు చెడినట్టే. కాచిన ప్రతి సీసా అతను ఆమె ఎదురుగా కూర్చునే తాగేవాడు, ఆమె తాగుతుంటే చూస్తూ.

ఆ నోటిని కాపాడుకోవడం కోసం వరహాలు రెండేళ్ళు నానా అవస్థా పడింది. జనమంతా బిళ్ళలకి మారాక కూరగాయలు అమ్మేవాడు ఊళ్ళో లేకుండా పోయాడు. బిళ్ళ లేని నోటికి తెల్లముద్ద తడిసిన సుద్దలా ఉంటుంది. పొద్దున్నా సుద్దే, రాత్రీ సుద్దే. ఒకరోజు వడ్డిస్తూంటే ఎవరో ముసలావిడ, "అచ్చం మా అమ్మ సేసిన గుత్తొంకాయే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వరహాలు గరిటె పక్కన పెట్టి తిన్నగా కింది అంతస్తుకి పోయి బిళ్ళ పెట్టించుకుంది. పది నిమిషాలు పట్టలేదు. ఇరవై రోజులు దాటితే నరాలు బిళ్ళ మాటే వింటాయి, తర్వాత తీయించుకున్నా పాత రుచి తిరిగి రాదు అని అక్కడి నర్సు చెబుతూనే ఉంది. ఆకలి మీదున్న మనిషి చెవికి అవేం ఎక్కుతాయి? తర్వాత తీయించుకుందామని రోజూ అనుకుంది. రోజూ రేపు చూద్దామనుకుంది.

ఆ రోజు మూడు గంటలకి ఆమె అదే భవనంలోని ఇంటికొచ్చేసరికి గుండిగ మరుగుతోంది. వంటింటి కిటికీ అద్దాలు ఆవిరికి తెల్లబడ్డాయి.

"బేగి రా, వరాలూ. వొచ్చి ఓపాలి నోట్లో ఏసుకో," అన్నాడు గౌరునాయుడు.

ప్రతి ఏడూ ఆమె వచ్చేసరికే మొదటి మూటలు గుండిగ అడుగున ఉండేవి. పైకి ఏమీ కనిపించదు. బిళ్ళ పెట్టాక వాసన పట్టే ముక్కు ఆమెకి ఎలాగూ లేదు. అయిదు రోజులుగా స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి ఆమె తన మొహాన్ని తనే నేర్చుకుంటోంది. గరిటె అందుకుని, ఊదుకుని, తాగింది. వేడి నీళ్ళు. పెదవిని మూలకి లాగింది. ఒక క్షణం ఆగి ఎడమ కన్ను మూసింది.

"బాబోయ్" అంది.

గౌరునాయుడు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"సరిపోయిందేటి?"

"సరిపోయిందన్నియ్యా. ఇంకెయ్యకు."

అతను వంగి పొయ్యి మంట తగ్గించాడు.

"నేనింకా హాప్స్ ఎయ్యనేదే," అన్నాడు. "లిఫ్టు సెడిపోయి పొట్లం ఆలీసంగా వొచ్చింది. బార్లీ నీళ్ళు తియ్యగా ఉంటాయి గదా, నీకిష్టమని ఇచ్చాను."

వరహాలు గరిటెని గుండిగ మూతమీద జాగ్రత్తగా పెట్టింది, అదేదో చాలా ముఖ్యమైన పని అన్నట్టు.

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవయ్యారు రోజులు."

"తీయించీ."

"తీయించినా ఇంక రాదంట."

అతను తలూపాడు. తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. అతనికి తిట్టడం రాక కాదు. పోర్టులో అతని నోటికి జడవని వాడు లేడు.

"ముందు ఏటి తిన్నావు?"

"గుత్తొంకాయ."

"బాగుందా?"

"బాగుందన్నియ్యా."

"అలాగా," అన్నాడు గౌరునాయుడు. "నాకు సెప్పనేదేటే?"

"సెప్తే కాచడం మానేస్తావని."

గౌరునాయుడు పొట్లం విప్పి పువ్వులు చేత్తో తడుముతూ నిలబడ్డాడు. ఎన్ని మూటలు వెయ్యాలో చెప్పగల నోరు ఆ ఇంట్లో లేదు, ఆ భవనంలో లేదు. చివరికి పొట్లం మొత్తం ఒకే మూట కట్టి దించేశాడు. దంచి ఉంచిన ధనియాలూ ఏలకులూ కూడా పోసి, చేతులు కడుక్కుని, పోయి పడుకున్నాడు.

మిగతా పనంతా వరహాలే చేసింది. చల్లార్చి, వడగట్టి, డ్రమ్ములో పోసి, ఈస్టు చల్లింది. పూర్వం డ్రమ్ము బుడగలు వేస్తుంటే అతను చెవి ఆనించి, కడుపులో బిడ్డ కదిలితే విన్నట్టు వినేవాడు. ఈసారి అటువైపే రాలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పెట్టింది తిన్నాడు, పిలిస్తే పలికాడు. వరహాలు అతనికి ఎదురుగా కూర్చుని తెల్లముద్దని గుత్తొంకాయ చేసుకుని తినేది. తిన్న ప్రతిసారీ అది బాగానే ఉండేది. ఆమెకి సిగ్గేసింది దానికే. రుచిబిళ్ళ చేసినవాళ్ళు నోట్లో నరాలన్నీ వెతికి పట్టుకున్నారు గానీ, ఒకరి రుచి ఇంకొకరి మొహంలో ఉండొచ్చని వాళ్ళకి తట్టలేదు.

ఇంకో ఇరవయ్యైదు రోజులకి సీసాలు తయారయ్యాయి. ఆ ఆదివారం పొద్దున్న గౌరునాయుడు తనంతట తనే లేచి, ఒక సీసా తీసి, రెండు గ్లాసులు తెచ్చాడు. నురగ పొంగింది. రంగు ముదురు తేనెలా వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

వరహాలు తాగింది. బుడగలు నాలుకని గుచ్చాయి, అంతే. అలవాటు కొద్దీ అతని కళ్ళు ఆమె మొహం మీదికి వచ్చి ఆగాయి. ఆమె పెదవి లాగబోయింది.

"వొద్దమ్మా," అన్నాడతను. "ఆ యేషాలొద్దు."

ఆమె మొహం మామూలుగానే ఉంచుకుని కూర్చుంది. అతను గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు, మింగాడు. ఎనిమిదేళ్ళుగా అతనే అడుగుతూ వచ్చిన మాట ఆమె నోట్లోంచి తెలియకుండా జారిపోయింది.

"ఎలాగుందన్నియ్యా?"

గౌరునాయుడి పెదవి మెల్లగా ఒక మూలకి పోయింది. గడ్డం మెడలోకి దిగింది. కుడి కనుబొమ పైకి లేచి, ఎడమ కన్ను మూతపడింది.

"బాబోయ్" అన్నాడు, ఆమె గొంతుతో.

అద్దం ముందు తను నేర్చుకున్న మొహం తప్పని వరహాలుకి అప్పుడు తెలిసింది. గడ్డం సంగతి ఆమెకి తెలియదు. కనుబొమ సంగతి తెలియదు. రుచి ఎరగని ఈ మనిషి ఎనిమిదేళ్ళు చూసి చూసి, ఒక్క గీత పోకుండా దాచుకున్నాడు. ఆమె ఆ మొహంలోకి కళ్ళార్పకుండా చూస్తూ, నోట్లోకి ఏదైనా వస్తుందేమోనని కాచుకుంది. ఏమీ రాలేదు.

"ఇంకోపాలి తాగు, అన్నియ్యా," అంది.

గౌరునాయుడు ఇంకో గుక్క తాగాడు.