డోరీన్ క్లాసు

మనవరాలు టాబీకి సాహిత్యం పరీక్ష లేకుండా చేసింది కన్నతల్లే. సెడ్రిక్ మెట్‌కాఫ్ దృష్టిలో అది తేలిపోయిన విషయం. సాక్ష్యం కూడా నిన్ననే దొరికింది. ఇక మిగిలింది ముఖం మీద అడగడమే.

ఫిబ్రవరి ఉదయం. యార్క్‌షైర్ కొండల మీద వాన, మంచు కలిసి పడుతున్నాయి. పొయ్యి మీద ఓట్స్ జావ ఉడుకుతోంది. అతని కూతురు లోర్నా బల్ల దగ్గర ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. ఊరి హైస్కూల్లో ఆమెకు రెండు పనులు. టీచర్లెవరైనా రాకపోతే ఆ క్లాసుకు బదులు మనిషిని పంపడం ఒకటి. పరీక్షలకు పిల్లల పేర్లు పంపడం ఇంకొకటి. రాలేని వాళ్లంతా తెల్లవారగానే ఆమెకే చెబుతారు.

"గొంతు పోయిందా జెరాల్డ్? మరి ఇంత గట్టిగా ఎలా చెబుతున్నావు?... సరేలే, పడుకో. నీ లెక్కల క్లాసుకి ఆటల సారుని పంపిస్తా. పరిగెత్తిస్తాడో, కూడికలు చేయిస్తాడో ఆయన ఇష్టం."

టాబీ ఫక్కున నవ్వింది. పదహారేళ్ల పిల్ల. తాత సామాన్ల కొట్టులోంచి తెచ్చిన కుంటి స్టూలు మీద కూర్చుంది. నవ్వినప్పుడల్లా స్టూలు ఊగుతుంది. పొయ్యి పక్కన ఊలు దిండు వేసిన కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది. అది సెడ్రిక్ భార్య డోరీన్‌ది. అక్టోబరులో ఆమె పోయింది. సెడ్రిక్ ఒంటరిగా ఉండకూడదని లోర్నా కూతుర్ని తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. అప్పటినుంచి ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. సెడ్రిక్ కూర్చోనివ్వలేదు.

లోర్నా ఫోను బల్ల మీద పెట్టగానే సెడ్రిక్ అందుకున్నాడు.

"పరీక్షలకి పేర్లు పంపేశావా?"

"ఇంకా లేదు నాన్నా. రేపు శుక్రవారం ఆఖరు."

"సాహిత్యానికి దీని పేరు ఉందా?"

లోర్నా కూతురి వైపు చూసింది. టాబీ గిన్నెలోకి చూసింది.

"లేదు. ఆ క్లాసులో ఎవరి పేరూ లేదు. సగం నాటకం కూడా చదవని పిల్లల్ని రాయిస్తే స్కూలు ఫలితాలు పడిపోతాయంది హెడ్‌మిస్ట్రెస్. ఉత్త భాష పరీక్ష రాస్తారు."

"భాష ఒక్కటే ఉంటే కాలేజీలో ఇంగ్లీషు తీసుకోనివ్వరు తాతయ్యా," అంది టాబీ. "హోటల్ పనుల కోర్సు ఉందట. పక్క గుడ్డలు మడవడం నేర్పిస్తారట."

"నువ్వు ఊరుకో టాబీ."

"ఎందుకు ఊరుకోవాలి? సోమవారం ఆటల సారు, మంగళవారం వంట టీచరు, నిన్న లైబ్రరీ ఆవిడ. ప్రతివాళ్లూ మొదటి పేజీ తీయమంటారు. నాటకంలో హత్య జరగబోతోందని నాకు నవంబరు నుంచీ తెలుసమ్మా. ఇంకా జరగలేదు."

సెడ్రిక్ నవ్వలేదు.

"ఒక్క మనిషిని కుదురుగా పెట్టలేకపోయావా ఆ క్లాసుకి?"

"అసలు టీచరు పురిటి సెలవులో ఉంది. బదులు ఎవరూ దొరకలేదు నాన్నా. ఈ కొండల్లోకి ఎవరొస్తారు?"

"ఎవరూ దొరకలేదు?"

"దొరకలేదు."

"ఫాసెట్ మాస్టారు నిన్న పోస్టాఫీసు దగ్గర కలిశాడు."

లోర్నా చేయి కప్పు మీదే ఆగిపోయింది.

"ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి దిగిపోయిన మనిషి. ఊరికే కూర్చోలేక నిన్ను రెండుసార్లు అడిగాడట, ఆ పిల్లలకి చెబుతానని. ఖాళీ లేదన్నావట. ఆటల వాణ్ణి పంపావు. వంటావిణ్ణి పంపావు. చెప్పగలిగిన వాడు గుమ్మంలోకొచ్చి నిలబడితే ఖాళీ లేదన్నావు!"

"నాన్నా, ప్లీజ్."

"నలభై ఏళ్లు రాతిగోడలు కట్టాను. గండి పడ్డ చోట ముళ్లకంప అడ్డం పెట్టి పోయేవాణ్ణి సోమరి అంటాం. గొర్రెలన్నీ అందులోంచే పోతాయి. నువ్వు రోజుకో కంప పెట్టావు. కన్నకూతురే పోయింది అందులోంచి."

ఫోను మోగింది. లోర్నా తీయలేదు.

"మీ అమ్మ బతికుంటే ఆ పిల్లలు ఈపాటికి..."

"అది అమ్మ క్లాసు!"

ఆ అరుపుకి ఫోను కూడా ఆగినట్టయింది.

"అమ్మ క్లాసు నాన్నా అది. సెప్టెంబరులో అమ్మనే పెట్టాను. తను టీచరు కాదు, బదులు మనిషే. అయినా కూర్చుని కాపలా కాయలేదు. నాటకం పైకి చదివింది. రాజు గొంతు, దెయ్యాల గొంతు, అన్నీ తనే. వరండాలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. చివరి రోజు కూడా చదివి ఇంటికొచ్చి పడుకుంది."

లోర్నా కప్పు పక్కకి జరిపింది.

"ఫాసెట్ మాస్టారు అడిగినప్పుడు కంప్యూటరు ముందే ఉన్నాను. అమ్మ పేరు తీసేసి ఆయన పేరు కొట్టాలి. అంతే. చేతులు రాలేదు. ఖాళీ లేదని నోట్లోంచి వచ్చేసింది. రోజుకొకళ్లని పంపితే అమ్మ పేరు తీయక్కర్లేదు. ఆ రోజుకి సెలవు అని పెడితే చాలు. అక్టోబరు నుంచీ అమ్మకి రోజూ సెలవు పెడుతున్నాను నాన్నా."

కొంగు లేని దేశం. లోర్నా స్వెటరు చేతిని నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అయితే?" అన్నాడు సెడ్రిక్. గొంతు బిరుసుగానే ఉంది. "చచ్చినవాళ్ల చోటు అలా అట్టే పెట్టుకుంటారా? బతికున్న పిల్ల ఏమైపోవాలి?"

"తాతయ్యా," అంది టాబీ. "నేను స్టూలు మీద ఎందుకు కూర్చుంటున్నాను?"

"ఏంటి?"

"ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉంది కదా. నేను ఈ కుంటి స్టూలు మీద ఎందుకు కూర్చుంటున్నాను?"

జావ అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. సెడ్రిక్ పొయ్యి పక్కన కుర్చీ వైపు చూశాడు. దిండు మధ్యలో డోరీన్ కూర్చున్న గుంట అలాగే ఉంది. దాని కోసమే కాపలా కాశాడు ఇన్నాళ్లూ. ఒకసారి పాలవాడు దాని మీద చేయి పెడితేనే కసిరాడు.

లేచి పొయ్యి ఆపాడు. కుర్చీని రెండు చేతులా ఎత్తాడు. ఈడిస్తే కాళ్లు గీసుకుంటాయి. బల్ల దగ్గర పెట్టాడు.

"కూర్చో."

టాబీ దిండు తీయబోయింది.

"తీయకు. దాని మీదే కూర్చో."

పిల్ల కూర్చుంది. గుంట చెరిగిపోయింది. సెడ్రిక్ కిటికీ వైపు తిరిగి అడుగంటిన గిన్నెను చాలాసేపు గోకాడు. భుజాలు ఒకటి రెండుసార్లు అదిరాయి. తల్లీకూతుళ్లు చూడనట్టే ఉన్నారు.

అటు తిరిగే అన్నాడు, "ఆ మాస్టారికి ఫోను చెయ్యి."

లోర్నా ముక్కు తుడుచుకుంది. "ఏ ముఖం పెట్టుకుని చేయను?"

"ఉన్న ముఖంతోనే."

ఆమె చేసింది. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌కి చేసింది. తప్పు తనదేనని, శిక్షేదో తనకే వేయమని, పిల్లల పేర్లు మాత్రం పంపనివ్వమని అడిగింది. అవతల చాలాసేపు కసిరారు. చివరికి ఒక షరతు పెట్టారు. ఫాసెట్ మాస్టారు సాయంత్రాలు కూడా చెప్పాలి, పిల్లలు ఒక్కరూ మానకుండా రావాలి. లోర్నా ఫోను పెట్టేసి, కోటు తొడుక్కుని, తలుపు దగ్గర ఆగింది.

"నాన్నా, ఇవాళ అమ్మ పేరు తీసేస్తాను."

"వెళ్లు. బస్సు పోతుంది."

ఆమె చేతిలో వెన్న రాసిన రొట్టె ముక్క పెట్టాడు. అంతకంటే మెత్తని మాట అతని దగ్గర లేదు.

శుక్రవారానికి ఆ క్లాసు పేర్లన్నీ వెళ్లాయి. ఆ సాయంత్రం ఫాసెట్ మాస్టారు టాబీని ఇంటిదాకా దింపి, గేటు దగ్గర గొడుగు దులుపుతూ నిలబడ్డాడు.

"హత్య జరిగిపోయింది తాతయ్యా!" అని గేటు తీయడానికొచ్చిన సెడ్రిక్‌తో అరుస్తూ టాబీ లోపలికి పరిగెత్తింది.

"చురుకైన పిల్ల సెడ్రిక్," అన్నాడు మాస్టారు. "అంతా బాగానే ఉంది గానీ, నవంబరులో మీ అమ్మాయి ఖాళీ లేదని ఎందుకందో నాకిప్పటికీ అర్థం కాలేదు. మనిషి లేడని స్కూలంతటికీ తెలుసు కదా?"

వంటింటి కిటికీలోంచి లోర్నా ఇటే చూస్తోంది.

"అప్పుడు ఖాళీ లేదు మాస్టారూ," అన్నాడు సెడ్రిక్. "ఇప్పుడుంది."

"అదికాదయ్యా..."

సెడ్రిక్ గేటు మీద చేయి వేశాడు.

"టీ తాగుతానంటే లోపలికి రండి. ఆ మాట మాత్రం నా దగ్గర మళ్లీ ఎప్పుడూ ఎత్తకండి. నేనూ ఎత్తను."