వెల్వెట్ వేసిన పందెం

"ఎత్తుకుపోయింది మీ బావనే" అన్నాడు చీఫ్.

ఏజెంట్ కందిరీగ ముఖం కదల్లేదు.

"ఎవరి పని?"

"వెల్వెట్."

ఇక్కడ జీతం, విదేశీ ముఠా దగ్గర కమీషన్ తీసుకుంటూ ఏజెన్సీని ఏళ్ళ తరబడి ఆడించిన డబుల్ ఏజెంట్ ఆమె. బావ బ్యాటరీ ఇంజనీరు. అతని బుర్రలో ఉన్న డిజైన్ ఆ ముఠాకి కావాలి.

"పాత ఎయిర్‌స్ట్రిప్‌లో విమానం రెడీగా ఉంది. అది లేచిందంటే మనిషి మనకి దక్కడు. గేటు దగ్గర గార్డు వేషం నీదే. బ్యాకప్ టీమ్ వచ్చేదాకా ఆపు."

"కారు?"

"మన కార్లన్నీ ఆమె గుర్తుపడుతుంది. మీ అక్క కారు తీసుకెళ్ళు."

అక్కది ఎలక్ట్రిక్ సెడాన్. కందిరీగ దాన్ని కారని ఏనాడూ ఒప్పుకోలేదు. చక్రాలున్న ఇస్త్రీపెట్టె అనేవాడు. తాళం చేతిలో పెడుతూ అక్క ఒకే మాట అడిగింది.

"ఒరేయ్, ఆయన్ని తీసుకొస్తావుగా?"

అతను తాళం తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

తెల్లవారాక ఎర్ర స్పోర్ట్స్ కారు ఊరంతా వినపడేలా ఉరుముతూ వచ్చి గేటు ముందు ఆగింది. స్టీరింగ్ దగ్గర వెల్వెట్, పక్కన చేతులు కట్టేసిన బావ.

"గాలి ఎటు వీస్తోంది?" కందిరీగ పెట్టుడు మీసం కిందనుంచి ముఠా వాళ్ళ కోడ్ అడిగాడు.

"ఎటు వీచినా పెట్రోలు వాసనే." ఆమె అప్పటికే నవ్వుతోంది. "మీసం ఊడుతోంది, చూసుకో. యూనిఫాం మాత్రం నీకు భలే నప్పింది. ఇదే ఉద్యోగం చేసుకోకపోయావా?"

ఆమె పిస్టల్ బావ డొక్కలో ఆనింది. కందిరీగ గేటెత్తాడు. రన్‌వే మీద, అర కిలోమీటరు అవతల, విమానం ఇంజన్లు తిరుగుతున్నాయి. బ్యాకప్ జాడే లేదు.

ఆమె చూపు గేటు పక్కన ఆపిన సెడాన్ మీద పడింది. వెనక అద్దానికి మేనకోడలు అంటించిన కుందేలు బొమ్మలు చూసి పగలబడి నవ్వింది.

"దీన్లో నా వెంటపడతావా? తెచ్చి పక్కన పెట్టు. విమానం దాకా పందెం. నువ్వు ఓడిపోవడం చూసి మరీ పోతాను."

సెడాన్ టైరు మీద ఒక్క తూటా పేలిస్తే ఆమెకి అడ్డే ఉండేది కాదు. కానీ స్పోర్ట్స్ కారు పిచ్చోళ్ళకి గెలుపొక్కటే చాలదు, కుళ్ళుకునేవాడు కూడా పక్కనుండాలి. ఆ జబ్బు కందిరీగకీ ఉంది గనుక ఇట్టే పోల్చుకున్నాడు. కిక్కురుమనకుండా సెడాన్ తెచ్చి పక్కన నిలిపాడు.

భోజనానికి కూర్చున్నప్పుడల్లా బావ ఒకటే సోది. "పెట్రోలు ఇంజన్‌కి ఆర్‌పీఎం ఎక్కాలి, గేర్లు మారాలి. మోటారుకి తొక్కగానే ఫుల్ టార్క్, చక్రం తిప్పే బలమంతా ఒక్కసారే. దూరం పోతే నీది గెలుస్తుంది, దగ్గర్లో నాదే." కందిరీగ ఆ మాటల్ని పెరుగన్నంతో పాటు మింగేసేవాడు. ఇవాళ అక్క పసుపుకుంకుమలు ఆ సోది మీదే ఆధారపడ్డాయి.

వెల్వెట్ ఇంజన్‌ని గర్జింపజేసి క్లచ్ వదిలింది. మంచుకి తడిసిన కాంక్రీటు మీద వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. కారు ఉన్నచోటే పొగలు కక్కింది. కందిరీగ పెడల్ తొక్కాడు. అంతే. తల సీటుకి కొట్టుకుంది, కడుపు గేటు దగ్గరే ఉండిపోయినట్టయింది. చప్పుడు లేదు, గేరు లేదు, మర్యాద అసలే లేదు.

సగం దూరంలో ఎర్ర కారు అందుకోసాగింది. అద్దంలో పెద్దదైంది. డోరు పక్కకి వచ్చింది. విమానం కదిలింది. ఒక్క బారు ముందుగా విమానాన్ని చేరిన కందిరీగ స్టీరింగ్ తిప్పేసి సెడాన్‌ని దాని ముందు చక్రానికి అడ్డంగా పడేశాడు. విమానం జానెడు దూరంలో కీచుమంటూ ఆగింది. వెనక బ్యాకప్ జీపులు రన్‌వే మీదికి దూసుకొచ్చి ఎర్ర కారుని చుట్టుముట్టాయి.

వెల్వెట్ పిస్టల్ బయటికి విసిరి చేతులెత్తింది. "చప్పుడు కూడా చెయ్యని దాంతో గెలిచావు. అదీ ఒక గెలుపేనా?"

లోలోపల అతనికీ అలాగే అనిపించింది.

కందిరీగ బావ కట్లు విప్పాడు. బావ అతని భుజం పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు బామ్మర్దీ, టార్క్ గురించి నేనేమన్నాను?"

మూడు దేశాల జైళ్ళలో నోరు విప్పని కందిరీగ, విమానం వైపు చూశాడు. దాని ఇంజన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బావని ఎక్కించి పంపడానికి ఇప్పటికీ ఆలస్యం కాలేదేమో అనుకున్నాడు.