రెండు బిస్కెట్లు, అరగ్లాసు పాలు

మత్తిచ్చి పడుకోబెట్టిన నా కొడుకు మళ్ళీ లేవడేమో. నాకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. హెర్నియా అన్నారు, చిన్న ఆపరేషనే అన్నారు, గంటలో బయటికి తెచ్చేస్తామన్నారు. కోతకి నేను భయపడలేదు. ఆ నిద్రకి భయపడ్డాను.

నా ఈ భయం మూలంగానే మా మరిది దిలీప్‌కి పెళ్ళి కుదిరింది. అదెలాగో చెప్తాను.

మాది పలాస. తొమ్మిదో తరగతితో బడి మాన్పించి, పద్దెనిమిది నిండగానే పెళ్ళి చేసి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి పంపేశారు. మా ఆయన రమణబాబు గూడ్సు గార్డు. మరిది అసిస్టెంట్ లోకో పైలట్, అంటే ఇంజన్లో రెండో మనిషి. ఆపరేషన్ రోజుకి మా ఆయన డ్యూటీ మీద నాగపూర్‌లో ఉన్నారు. అందుకని దిలీపే మాకు తోడొచ్చాడు.

రాత్రి రెండు దాటాక తిండి గానీ పాలు గానీ పెట్టకూడదని ఆసుపత్రి వాళ్ళు కాగితం ఇచ్చారు. హిందీలో ఉంటే కూడబలుక్కుని నేనే చదివాను. తెలియక చేశానని చెప్పుకోడానికి కూడా లేదు.

పొద్దున్న ఆరింటికి రోహన్ ఆకలని ఏడుపు. నాలుగున్నరేళ్ళ వాడు, కాళ్ళు చుట్టేసుకుని వదలడు. ఇదే ఆఖరిసారి అయితే, ఆకలితో పంపించానే అని బతికినంతకాలం ఏడవాలి కదా అనిపించింది. అత్తగారు పూజలో ఉన్నారు. అరగ్లాసు పాలిచ్చాను. రెండు బిస్కెట్లు ముంచి పెట్టాను. మూతి తుడిచేశాను.

వానలో ఆటో దిగి లోపలికి వెళ్ళేసరికి మత్తు డాక్టరు వచ్చింది. పేరు తేజస్వి. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. ముడిలో పెన్ను గుచ్చుకుని, కొంగలా నీళ్ళలో అడుగులు తప్పించుకుంటూ వచ్చింది. దిలీప్ అటే చూస్తున్నాడు. నేను గమనించాను, కానీ ఆ రోజు నాకు నవ్వే ఓపిక లేదు.

"సుబహ్ సే కుఛ్ ఖాయా?" అని, పొద్దుట్నుంచి ఏమైనా తిన్నాడా అని అడిగింది.

"కుఛ్ నహీ. సుక్క పాలు ముట్టలేదు తల్లీ," అన్నారు మా అత్తగారు అచ్చియమ్మ, హిందీలో ఎక్కి తెలుగులో దిగి.

"అచ్ఛా, తెలుగోళ్ళా," అని ఆ అమ్మాయి నవ్వి, పెన్ను తీసి టిక్కు పెట్టబోయింది.

చెప్పాలి. అత్తగారు పక్కనే ఉన్నారు. చెప్పాలి.

"ఒక్క నిమిషం డాక్టర్‌గారూ," అన్నాడు దిలీప్. "పాలు తాగినాడు. అరగ్లాసు. రెండు బిస్కెట్లు కూడా తిన్నాడు. నేనే పెట్టినాను."

పెన్ను ఆగింది.

"మీరెవరు?"

"బాబాయినండి."

"ఏం చదువుకున్నరు?"

"మెకానికల్ డిప్లొమా."

"ఆ డిప్లొమాల కాగితం చదవుడు నేర్పలేదా? మత్తులో ఉన్నప్పుడు కడుపుల ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లకి పోతది. తెలుసా మీకు?"

"ఇప్పుడే తెలిసిందండి. బిస్కెట్లు మరీ చిన్నవి."

"మీ బుర్రంత ఉన్నయా?"

ఆపరేషన్ గురువారానికి వాయిదా పడింది. ఆటోలో ఇంటిదాకా అత్తగారు దిలీప్‌ని కడిగేశారు. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మాత్రం నాకొక్కదానికే వినిపించేంత మెల్లగా అన్నాడు.

"సింకులో గ్లాసు, పేకెట్లో రెండు బిస్కెట్లు తగ్గడం చూసినాను వదినా. చెప్పకపోతే పిల్లడికి ముప్పు. నువ్వని చెప్తే అమ్మ నిన్ను పదేళ్ళు సాధిస్తాది. నన్నయితే రెండ్రోజులే."

గురువారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి రోహన్ నోట్లో ఏమీ పడలేదు. వంటింటికి తాళం వేసి తాళంచెవి అత్తగారికిచ్చాను.

తేజస్వి ఒక కాగితం చూపించి నా పక్కన కూర్చుంది. "ఏడ్చి ఏడ్చి మత్తులకి పోయిన పిల్లలకి లేచినంక నొప్పి ఎక్కువ అయితదా? ఇష్టమైన మనిషి పక్కనుంటే తగ్గుతదా? గదే నా రీసెర్చి. మీరు లోపలికి వస్తరా, బాబు నిద్రపోయేదాంక?"

నేను చేతులు కొంగులో దాచుకున్నాను. నావల్ల కాదన్నాను.

"బాబాయ్ రావాలి," అన్నాడు రోహన్.

"ఎవరు, బిస్కెట్ బాబాయా?" అంది తేజస్వి. "జేబులు చూపించుండ్రి."

దిలీప్ రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. ఒక కర్చీఫు, ఒక దువ్వెన. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని దువ్వెన తీసి పక్కన పెట్టింది, అదేదో ప్రమాదమైన వస్తువులాగ.

ఓరగా వేసిన తలుపుకున్న చిన్న అద్దంలోంచి నేను చూస్తూ, వింటూనే ఉన్నాను. ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. అసిస్టెంట్ తను చూసిన సిగ్నల్ పైకి చెప్తాడు, పైలట్ అదే మాట తిరిగి చెప్తాడు. ఇద్దరి నోటా ఒకే మాట రావాలి. స్టేషన్ దగ్గర వరసగా వచ్చే సిగ్నళ్ళు డిస్టెంట్, హోమ్, స్టార్టర్; స్టార్టర్ రెడ్ అయితే బండి ఆగాలి. ఇంట్లో రోహన్ పైలట్, దిలీప్ అసిస్టెంట్. రోజూ సోఫా మీద కూర్చుని ఇదే ఆట.

ముక్కు మీద మాస్కు పెడుతుంటే రోహన్ మొహం తిప్పేశాడు. దిలీప్ చెయ్యి చాపాడు.

"డిస్టెంట్, డబుల్ ఎల్లో."

"డబులెల్లో," అన్నాడు రోహన్ మాస్కులోంచి.

"హోమ్, ఎల్లో."

"ఎల్లో."

"స్టార్టర్, రెడ్."

వాడు బదులు చెప్పలేదు. వాడి చెయ్యి దిలీప్ చేతిలోనే ఉండిపోయింది. తేజస్వి యంత్రం వంకే చూస్తూ, "రెడ్," అంది వాడి తరఫున.

దిలీప్ బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

గంటా పది నిమిషాలకి నా కొడుకు కళ్ళు తెరిచాడు. ఆ గంటా పది నిమిషాల గురించి రాయను. నడుం కింద నొప్పి తెలియకుండా ఇంకో ఇంజక్షన్ కూడా ఇచ్చారట. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు బొమ్మలున్న అట్ట తేజస్వి ముందు పెట్టి, నొప్పి ఎంతుంది, నీది ఏ బొమ్మ అని అడిగితే రోహన్ రెండోది చూపించాడు. తర్వాత దిలీప్‌తో, "స్టేషన్ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చేసినాం సార్," అన్నాడు వాడు.

మూడు రోజులు సాయంత్రం ఆరింటికి తేజస్వి ఫోను. బొమ్మ ఎన్నోది, నిద్రపోయాడా, ఏం తిన్నాడు. మూడో రోజు, "బిస్కెట్లు ఎవరూ పెడ్తలేరు కదా," అని ఆగి, "ఆయన డ్యూటీకి పోయిండా?" అంది. దిలీప్ నా పక్కనే, చెవి ఫోనుకి ఆనించి నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత మా మరిదికి ఉస్లాపూర్‌లో పనులు మొదలయ్యాయి.

"ఏటి పని?" అంటే, "గాలి బాగుంటాది వదినా," అనేవాడు. ఆ అమ్మాయి ఇల్లు అక్కడే. ఒకసారి గోల్ బజార్‌లో ఇద్దరూ ఒకే గొడుగు కింద జిలేబీ తింటుంటే మా ఆయన చూసి, నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నారు.

నెల తర్వాత రీసెర్చి కోసం ఆఖరి ఫోను వచ్చింది. వరండాలో అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. లెక్క ప్రకారం అడగాల్సినవన్నీ అడిగి తేజస్వి ఫోను పెట్టెయ్యలేదు.

"అక్కా, ఒక మాట. దిలీప్ రేపు మా నాన్నతోని మాట్లాడ్త అంటుండు. నాకు ఇష్టం లేక కాదు. కానీ నా పని మొత్తం ఒక్క మాట మీద నడుస్తది, పిల్లగాడు తిన్నడా లేదా అని. దాన్ని ఆటగా తీసుకున్న మనిషిని నేనెట్ల నమ్మాలె? రావొద్దని చెప్పేస్త."

లోపల దిలీప్ బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. రేపటి కోసమే. ఈల కూడా వేస్తున్నాడు.

చిక్కుడుకాయ టప్‌మంది. అత్తగారు నా మొహమే చూస్తున్నారు.

"వాడు పెట్టలేదు," అన్నాను. "పాలు నేనిచ్చాను. బిస్కెట్లు నేనే పెట్టాను. కాగితం చదివి కూడా పెట్టాను. నువ్వు అడిగినప్పుడు నాకు నోరు రాలేదు, వాడు మీదేసుకున్నాడు."

ఈల ఆగింది. దిలీప్ ఒక బూటుతో గుమ్మంలోకి వచ్చాడు.

"పోను స్పీకర్లో పెట్టు," అన్నారు అత్తగారు.

పెట్టాను.

"ఇదిగో కోడలా," అన్నారావిడ, "నాకు చెప్తే ఏటి చేద్దును? తిడుదును. తిట్టి ఊరుకుందును. డాక్టరమ్మకి చెప్పకపోతే నా మనవడు ఏటైపోను?" ఇంకో కాయ ఒలిచారు. "నేనూ సుక్క ముట్టలేదనేశాను, సూడకుండా. నాదీ తప్పే."

"దిలీప్ ఉన్నడా ఆడ?" అంది తేజస్వి ఫోన్లోంచి.

"ఉన్నాను."

"నాతోని అబద్ధం చెప్పిన్రు."

"రెడ్‌ని రెడ్ అనే చెప్పినాను కదా," అన్నాడు వాడు. "పెట్టింది ఎవరన్నదే మార్చినాను."

"అది కూడ మార్చొద్దు."

"ఇకమీదట మార్చను."

"ఇకమీదటనా?" ఆ గొంతులో నవ్వు దాగలేదు.

"ఆ ఇకమీదటి సంగతి మాటాడాలి," అన్నారు అత్తగారు ఫోను దగ్గరికి వంగి. "మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారమ్మా?"

వాళ్ళ నాన్న తిరుపతయ్యగారు బొగ్గు కంపెనీలో ఇంజనీరు. మేం వెళ్ళినప్పుడు దిలీప్‌ని ఒక్కటే అడిగారు. "మా బిడ్డ తిడ్తది. తట్టుకుంటవా?"

"మొదటి రోజే అయిపోయిందండి," అన్నాడు వాడు.

తాంబూలాల రోజున తేజస్వి నన్ను పక్కకి పిలిచి, ఆ రోజు ఎందుకు చెప్పలేకపోయావక్కా అంది, కోపంగా కాదు, తెలుసుకుందామని.

"తిన్నాడా అంటే దొంగని అడిగినట్టుంది," అన్నాను. "పొద్దున్న ఆకలని బాగా ఏడ్చాడా, అప్పుడు ఏమిచ్చావమ్మా అని ఉంటే, చెప్పేసేదాన్ని."

ముడిలోంచి పెన్ను తీసి పట్టుచీరలోనే నిలబడి అరచేతిలో రాసుకుంది. ఇప్పుడు తను పిల్లల్ని చూసేటప్పుడు అలాగే అడుగుతోంది, తల్లిని పక్కకి తీసుకెళ్ళి, ఒక్కదాన్నే. చెప్తున్నారట.

నా భయం పోలేదు. రోహన్ మధ్యాహ్నం కాస్త ఎక్కువ నిద్రపోతే ఇప్పటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. కానీ మీతో ఒక మాట. ఎప్పుడైనా ఆపరేషన్ గది బయట బెంచీ మీద, ఒళ్ళో పిల్లాడితో, చేతులు దాచుకుని కూర్చున్న తల్లి కనిపిస్తే దాటిపోకండి. పొద్దున్న ఏడ్చాడా, ఏమైనా ఇచ్చావా అని మెల్లగా అడగండి. చెప్తే తిట్టకండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళండి. తర్వాత, ఆవిడ ఏమైనా తిందో లేదో అది కూడా అడగండి.